డ్రోన్ దానంతటదే ఎగురుతుంది, దారి మాత్రం మీరే చూసుకోవాలి

బైక్ తొక్కుతుంటే వెనకే ఎగురుతూ మనల్ని వీడియో తీసే ఫాలో డ్రోన్ గురించి ఇది. ముందే చెప్పేస్తాను, ఇక్కడ బైక్ అంటే పెడల్ తొక్కే సైకిలే. మోటార్‌సైకిల్ వెనక డ్రోన్ పంపుదామనుకునేవాళ్లకి ఇందులో పెద్దగా పనికొచ్చేదేమీ లేదు, ఆ వేగాన్ని ఈ చిన్న డ్రోన్లు అందుకోలేవు, అందుకోగలిగినా నేను చెయ్యమని చెప్పను.

కొత్తగా ఫాలో డ్రోన్ కొన్నవాళ్లలో చాలామంది డబ్బా విప్పి, చార్జింగ్ పెట్టి, తిన్నగా రోజూ తొక్కే దారికి తీసుకెళ్లి గాల్లోకి వదిలేస్తారు. అది బుద్ధిగా వెనకే వస్తుంది, కాసేపు బాగానే వస్తుంది, తర్వాత ఏ కొమ్మలోనో ఇరుక్కుంటుంది. నాదీ అదే కథ. నా మొదటి డ్రోన్ రోడ్డుకి అడ్డంగా వేలాడుతున్న తీగకి తగిలి పక్కన పొదలో పడింది, ఒక ప్రొపెల్లర్ విరిగింది, కెమెరాని పట్టి ఉంచే గింబల్ మెడ వాలేసింది. ఇంటికొచ్చి వీడియో చూస్తే ఆ తీగ ఎక్కడా కనపడలేదు, ఆఖరి ఫ్రేముల్లో మాత్రం వెంట్రుకంత నల్ల గీత ఒకటి. వారం రోజులు డ్రోన్‌ని తిట్టుకున్నాను గానీ, తీగ కిందనుంచి వెళ్లే దారి ఎంచుకున్నది నేనే కదా.

అసలు విషయం ఇదే. మీరు సీటు మీద కూర్చున్నా పైలట్ మీరే. మీ హ్యాండిల్ ఎటు తిరిగితే డ్రోన్ అటు తిరుగుతుంది, కాబట్టి మీకు చాలినంత ఖాళీ ఉందా అని కాదు, మీకు ఐదారు మీటర్ల వెనక, మూడు మీటర్ల పైన వచ్చే ఆ వస్తువుకి ఖాళీ ఉందా అని చూసుకుంటూ దారి ఎంచుకోవాలి.

దానికి మనం కనపడేది ఎలాగో తెలిస్తే సగం పని అయినట్టే. కెమెరాలో మిమ్మల్ని గుర్తుపట్టి, ఇప్పటిదాకా వెళ్లిన దిశనీ వేగాన్నీ బట్టి తర్వాత ఎక్కడుంటారో అంచనా వేసుకుంటూ వస్తుంది. మీరు చెట్టు వెనక్కి వెళ్లి అక్కడే ఠక్కున మలుపు తిరిగారంటే ఆ అంచనా తప్పుతుంది, అది తిన్నగా పోయి ఖాళీ రోడ్డుని వెతుక్కుంటుంది. ఇక అడ్డంకుల సంగతి. మనం రెండు కళ్లతో దూరం పసిగట్టినట్టే చాలా డ్రోన్లు రెండేసి చిన్న కెమెరాల బొమ్మల్లో తేడా చూసి దూరం లెక్కేస్తాయి. అందుకే సన్నటి కొమ్మలు, తీగలు, గాజు, కదలకుండా నిలిచిన నీళ్లు వాటి కంటికి సరిగ్గా ఆనవు, చీకటి పడితే మామూలు కెమెరా సెన్సర్లు దాదాపు గుడ్డివే. 2019లో వచ్చిన స్కైడియో 2 అనే డ్రోన్‌కి దారి చూసుకోవడానికే ఆరు 4కే కెమెరాలు పెట్టారు, చెట్ల మధ్య సైకిల్ వెంట పడడంలో దానికి మంచి పేరు, అయినా సన్న కొమ్మలూ తీగలూ కనపడవని దాని సూచనల్లోనే రాసి ఉండేది. స్కైడియో కంపెనీ 2023లో మామూలు కొనుగోలుదార్లకి అమ్మడం మానేసింది, అది వేరే బాధ.

మీ దగ్గరున్న డ్రోన్‌కి ఏ వైపు సెన్సర్లున్నాయో మాన్యువల్‌లో చూడండి. ఇది తప్పనిసరి. డీజేఐ కంపెనీ డ్రోన్ నియో 135 గ్రాములే, అరచేతిలోంచి లేస్తుంది, భలే సరదాగా ఉంటుంది, కానీ దాని సెన్సర్లు చూసేది కిందికి, ఎదురుగా ఉన్న చెట్టు దానికి చెట్టని తెలియదు. అదే కంపెనీ మినీ 4 ప్రో 250 గ్రాముల లోపే ఉంటూ అన్ని వైపులా చూస్తుంది. కొన్నింటికి ముందు, వెనక, కింద ఉంటాయి, పక్కలకి ఉండవు, అలాంటిదాన్ని మీకు సమాంతరంగా పక్కనుంచి తీసుకెళ్తే అది చూడని వైపుకే ఎగురుతున్నట్టు లెక్క. పక్కనుంచి తీసిన షాట్ అన్నిటికంటే అందంగా ఉంటుంది, డ్రోన్లు ఎక్కువగా పోయేది కూడా అందులోనే. ఒక వైపంతా పొలమో మైదానమో ఉన్నచోట మాత్రమే పెట్టుకోండి.

మొదటి రోజు సైకిల్ ఇంట్లోనే వదిలెయ్యండి, నిజంగా. పెద్ద ఖాళీ మైదానంలో నడుస్తూ దాన్ని వెంట తిప్పుకోండి, ఆగండి, వెనక్కి తిరగండి, చెట్టు చాటుకి వెళ్లండి, ఎన్ని సెకన్లకి మిమ్మల్ని వదిలేస్తుందో, వదిలేశాక ఏం చేస్తుందో చూడండి. ఆ తర్వాతే సైకిల్ మీద పెద్ద పెద్ద గుండ్రాలు కొట్టండి. ఆపే బటన్ ఎక్కడుందో చూడకుండా వేలు పెట్టగలిగేదాకా అదే మైదానం.

గాలి లెక్క ఒకటుంది, దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. డ్రోన్ వేగమంటే గాలిలో దాని వేగం, నేల మీద కాదు. మీ డ్రోన్ గరిష్ఠంగా సెకనుకి 8 మీటర్లు పోతుందనుకోండి, 3.6తో గుణిస్తే గంటకి 29 కిలోమీటర్లకి కాస్త తక్కువ, మన మామూలు తొక్కుడుకి అది ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఆకులు గలగలలాడే పాటి ఎదురుగాలి, సెకనుకి 3 మీటర్లు, వీచిందంటే దానికి మిగిలేది సెకనుకి 5, అంటే గంటకి 18 కిలోమీటర్లు. మీరు 22లో తొక్కుతుంటే అది పాపం వెనకబడిపోతూ ఉంటుంది, మీకు తెలియను కూడా తెలియదు. పైగా మొత్తం శక్తి పెట్టి గాలికి ఎదురు పోతుంటే బ్యాటరీ కళ్ల ముందే కరిగిపోతుంది. కాబట్టి ఎదురుగాలి ఉన్న దారిలో నెమ్మదిగా తొక్కండి, లేదా గాలి వాటంగా వెళ్లేటప్పుడే తియ్యండి, కాకపోతే అటు వెళ్లిన డ్రోన్ వెనక్కి రావాలంటే అదే గాలికి ఎదురు రావాలని గుర్తుంచుకోండి.

దీనికి ముడిపడిందే హోమ్ పాయింట్. జీపీఎస్ ఉన్న డ్రోన్ ఎగిరిన చోటుని ఇల్లుగా గుర్తుపెట్టుకుంటుంది, బ్యాటరీ తగ్గినా సిగ్నల్ తెగినా అక్కడికే పోదామని చూస్తుంది. నిలబడి వీడియో తీసేవాళ్లకి ఇది వరం, మనకి మాత్రం ఇబ్బంది, ఎందుకంటే మనం అప్పటికే రెండు కిలోమీటర్లు దాటేసి ఉంటాం. అది మిమ్మల్ని వదిలేసి, ఎవరూ లేని ఆ మొదటి మలుపు దగ్గరికి వెళ్లి మర్యాదగా దిగుతుంది. యాప్‌లో హోమ్ పాయింట్‌ని మీరున్న చోటికి మార్చే వీలుంటే ఆగిన ప్రతిసారీ మార్చుకోండి, లేకపోతే ఒక్కో క్లిప్‌కి దింపి మళ్లీ ఎగరేయండి, నేను ఇదే చేస్తాను. చెట్ల కింద ఇంకో చిక్కు. ఇంటికి పోవాలనుకున్న డ్రోన్ మామూలుగా ముందు నిలువుగా పైకి లేస్తుంది, పైన కొమ్మలుంటే అంతే సంగతులు. సిగ్నల్ పోతే ఉన్నచోటే గాల్లో ఆగేలా సెట్టింగ్ ఉంటే చెట్లున్నచోట అది పెట్టుకోండి.

ఎగరేసేటప్పుడు హడావిడి పడకండి. ఇనప వంతెన మీద, మ్యాన్‌హోల్ మూత పక్కన, కారు పైకప్పు మీద పెట్టి లేపితే కంపాస్ తికమకపడుతుంది. హోమ్ పాయింట్ నమోదైందని చెప్పేదాకా ఆగండి. ప్రొపెల్లర్ అంచుల మీద వేలు పెట్టి ఒకసారి తడమండి, కంటికి కనపడని చిన్న నొక్కు కూడా వేలికి తెలుస్తుంది, అది ఉంటే వీడియో వణుకుతుంది.

రైడ్ మొత్తం తియ్యాలనే ఆశ వదులుకోండి. డబ్బా మీద 30 నిమిషాలని ఉంటే, ఎగరడం దిగడం, ఆఖర్లో ఉంచుకోవాల్సిన చార్జింగ్ పోను 20 దొరికితే గొప్ప. ముందు డ్రోన్ లేకుండా ఒకసారి దారంతా తొక్కి, మూడు చోట్లు ఎంచుకోండి, పైన తీగల్లేని, మనుషులు తిరగని, వంద రెండొందల మీటర్లు తెరిపిగా ఉన్న చోట్లు. ఒక్కోచోట రెండు నిమిషాలు చాలు, చివరికి వీడియోలో నిలిచేది పది సెకన్లే. ఎత్తు తగ్గే కొద్దీ వేగం కనపడుతుంది, ముప్పై మీటర్ల పైనుంచి తీస్తే మీరెంత చెమటోడ్చినా చీమ పాకినట్టే ఉంటుంది. ఎక్కుడు దారిలో కొన్ని డ్రోన్లు లేచిన ఎత్తునే పట్టుకుని ఉంటాయి, నేల పైకొస్తుంటుంది, కాబట్టి అక్కడ ఇంకొంచెం ఎత్తుగా మొదలుపెట్టండి.

వెనుకనున్న రంగుతో కలిసిపోని జెర్సీ వేసుకోండి. ఒకసారి ముగ్గురం ఒకే జెర్సీ వేసుకుని బయల్దేరాం. నేను పళ్లు బిగబట్టి ఎత్తంతా ఎక్కేశాను, ఇంటికొచ్చి చూస్తే, నీళ్లు తాగడానికి మధ్యలో ఆగిన మావాడి మీద నాలుగు నిమిషాల వీడియో, సీసా మూత పెట్టడంతో సహా.

కెమెరా సెట్టింగుల్లో ఒక్కటే చాలు, సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంటే షట్టర్ వేగం (ఒక్కో ఫ్రేముకి వెలుతురు లోపలికొచ్చే సమయం) సెకనులో 60వ వంతు దగ్గర ఉంచండి, ఎండలో అలా కుదరాలంటే లెన్స్‌కి వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. అప్పుడే చక్రాలూ రోడ్డూ కాస్త చెదిరి, పరిగెడుతున్నట్టు అనిపిస్తాయి. కొన్ని మోడళ్లలో 4కే నాణ్యతలో సెకనుకి 60 ఫ్రేములు పెడితే ఫాలో మోడ్ పనిచేయదు, యాప్ పాడైందని కంగారుపడకండి.

తొక్కుతున్నప్పుడు వెనక్కి తిరిగి డ్రోన్‌ని చూడొద్దు. చూడాలనిపిస్తుంది, ఆ రొద వినపడడం ఆగితే మరీ టెన్షన్ వస్తుంది, అయినా బ్రేక్ వేసి, కాలు నేల మీద పెట్టాకే చూడండి. చాలా దేశాల్లో డ్రోన్ ఎగరేసేవాళ్ల కంటికి కనపడుతూనే ఉండాలనే నియమం ఉంది కాబట్టి ఒంటరిగా కంటే, పక్కన నిలబడి దాన్నే చూస్తూ ఉండే స్నేహితుడితో వెళ్లడం మేలు. మీరున్నచోట నియమాలేంటో మీ విమానయాన శాఖ సైట్‌లో ఒకసారి చదువుకోండి. గద్దలాంటి పక్షి దాని చుట్టూ తిరగడం మొదలుపెడితే మాత్రం వీడియో సంగతి మర్చిపోయి వెంటనే దింపెయ్యండి.

దిగగానే బ్యాటరీ వేడిగా ఉంటుంది, అలాగే చార్జింగ్ పెట్టకండి, చల్లారనివ్వండి. ఈలోపు లెన్స్ మీద దుమ్ము తుడిచి, క్లిప్ అక్కడే ఒకసారి ఆడించి చూసుకోండి. బాగా రాకపోతే మళ్లీ తియ్యడానికి ఆ దారి ఇంకా మీ కళ్ల ముందే ఉంటుంది.