చెరువు గట్టున ఒంటికాలి పక్షులు: ఎట్లా చూడాలి, ఎట్లా లెక్కపెట్టాలి

డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దు పొడిచిన గంటలోపు చెరువు దగ్గర ఉండాలి. వరంగల్ వైపు వడ్డేపల్లి చెరువైనా, ధర్మసాగర్ అయినా, పాకాల అయినా, మీ ఊరి కుంటైనా పద్ధతి ఒకటే. ఆ వేళకు మత్తడి (అలుగు) రాళ్ల మీద, నీళ్లు తీసిన శిఖం (చెరువు అడుగు నేల) బురదలో కొంగలు, బాతులు, తీతువలు ఒక కాలు పైకి ముడుచుకుని నిలబడి ఉంటాయి. పెద్ద రిజర్వాయర్ల మీదికి చలికాలం వలస వచ్చే గోధుమతల గల్ పక్షులు (బ్రౌన్-హెడెడ్ గల్) దొరికితే ఇంకా మంచిది. వాటికి ఈ అలవాటు బాగా ఎక్కువ. ఆ కాలంలో వాటి తల తెల్లగా మారి, కంటి వెనక ఒక నల్లటి మచ్చ మాత్రమే మిగులుతుంది. దాన్నిబట్టి గుర్తుపట్టాలి.

ముందుగా కొంగజపం సంగతి తేల్చుకోవాలి. ఒంటికాలి మీద ఉన్న కొంగ చేపను మోసం చేస్తోందని చిన్నప్పటి నుంచీ వింటాం. నిజానికి వేటలో ఉన్న కొంగకు చాలాసార్లు రెండు కాళ్లూ నీళ్లలోనే ఉంటాయి. మెడ ముందుకు సాగి ఉంటుంది, లేదంటే దెబ్బ వేయడానికి వెనక్కి మడిచి ఉంటుంది. చూపు నీటి మీదే. ఒంటికాలి కొంగను చూడండి: మెడ భుజాల్లోకి దిగిపోయి, ఈకలు ఉబ్బి, కళ్లు సగం మూతపడి ఉంటాయి. అది విశ్రాంతి.

ఎందుకట్లా అనేదానికి మొదటి జవాబు వేడి. పక్షి ఒళ్లంతా ఈకలు కప్పి ఉంటాయి, కాళ్లకు మాత్రం ఉండవు. పైగా అది నిలబడ్డది నీళ్లలో. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగుతుంది. ఒక కాలు పొట్ట ఈకల్లో దాచుకుంటే పోయే వేడి చాలావరకు తగ్గుతుంది. రెండో కాలికీ ఒక ఏర్పాటు ఉంది. ఒంట్లోంచి కిందికి దిగే వెచ్చటి నెత్తురు నాళాలు, పాదం నుంచి పైకి వచ్చే చల్లటి నాళాలు పక్కపక్కనే ఆనుకుని నడుస్తాయి. దిగే నెత్తురు తన వేడిని ఎక్కే నెత్తురుకు ఇచ్చేస్తుంది. పాదానికి చేరేది చల్లబడ్డ నెత్తురే. అక్కడ ఉండేదంతా ఎముక, కండను ఎముకకు కట్టే నరం, తోలు. కండ దాదాపు ఉండదు కాబట్టి చల్లబడ్డా నష్టం లేదు.

ఇంట్లో నాటుకోడి ఉంటే చేత్తోనే తెలుసుకోవచ్చు. గూట్లోంచి వదిలిన అరగంటకు పట్టుకుని, ఒక చేతి వేళ్లు రెక్క కిందికి పెట్టండి, రెండో చేత్తో పొలుసుల కాలు పట్టుకోండి. రెక్క కింద వేడి బాగా తగులుతుంది, కోడి ఒళ్లు మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటుంది. కాలు మాత్రం చల్లగా ఉంటుంది. గూట్లోంచి తీసిన వెంటనే పట్టుకుంటే ఈ తేడా సరిగా తెలియదు, లోపల కాళ్లు పొట్ట కింద ఉంటాయి గనక.

కోడి చేతిలో ఉండగానే ఇంకొకటి చూడాలి. పొలుసులు మొదలయ్యే చోట వెనక్కి వంగే కీలును అందరూ మోకాలంటారు. అది చీలమండ. అసలు మోకాలు ఇంకా పైన, ఈకల చాటున పొట్టకు ఆనుకుని ఉంటుంది. లెగ్‌పీస్‌లో తొడ ఎముక, కింది ఎముక కలిసే కీలు అదే. అంటే పక్షి ఎప్పుడూ మోకాళ్లు వంచే నిలబడుతుంది. ఒంటికాలి పక్షిని ఎదురు నుంచి చూస్తే కాలు ఏటవాలుగా లోపలికి వచ్చి, పాదం పొట్ట నడుమ కిందికి చేరి కనిపిస్తుంది. బరువంతా ఆ పాదం మీద సరిగ్గా దిగుతుంది.

ఇది రెండో జవాబుకు దారి. 2017లో అమెరికా శాస్త్రవేత్తలు యంగ్-హుయ్ చాంగ్, లీనా టింగ్ చచ్చిపోయిన ఫ్లెమింగోలను (పొడుగు కాళ్ల గులాబీ రంగు నీటిపక్షులు) ఒంటికాలి భంగిమలో నిలిపి చూశారు. కండరాల సాయం లేకుండానే ఆ కాలు బరువు మోసింది. రెండు కాళ్ల భంగిమలో మాత్రం నిలబడలేదు. అంటే ఫ్లెమింగోకు ఒంటికాలే తక్కువ శ్రమ. అయితే పరీక్షించింది ఫ్లెమింగోను. తీతువకూ బాతుకూ అచ్చం అదే ఏర్పాటు ఉందని రాసుకోవద్దు. వేడి సంగతికి కూడా ఫ్లెమింగోల్లోనే మంచి సాక్ష్యం ఉంది: మాథ్యూ ఆండర్సన్, సారా విలియమ్స్ 2010లో అచ్చయిన పరిశీలనలో, చలి పెరిగినకొద్దీ ఒంటికాలివి పెరిగాయని, గట్టు మీదకన్నా నీళ్లలో ఎక్కువని చూపించారు.

మన చెరువులో అదే లెక్క తీయడానికి కావలసినవి 8x42 బైనాక్యులర్ (8 రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.), ఒక నోటుబుక్కు, ఒక థర్మామీటరు. థర్మామీటరును నీడలో ఛాతీ ఎత్తున వేలాడదీసి ఐదు నిమిషాలు ఆగాలి. పొద్దున సూర్యుడు మీ వీపు వెనక ఉండేట్టు తూర్పు వైపున నిలబడండి. 60-80 మీటర్ల దూరం చాలు. పక్షులు తలలెత్తాయంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చినట్టే: ముడుచుకున్న కాళ్లు దించేస్తాయి, లెక్క చెడుతుంది. ఒకే జాతివి 20-30 ఉన్న గుంపును ఎంచుకుని, పది నిమిషాలకోసారి ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చూస్తూ పోవాలి, వెనక్కి తిరగొద్దు. ఒంటికాలివి, రెండుకాళ్లవి, కూర్చున్నవి వేర్వేరు గళ్లలో. నీళ్లలో ఉన్నవి, గట్టు మీదివి మళ్లీ వేరుగా. తిరుగుతూ మేస్తున్నవాటిని కలపొద్దు. అదే రోజు మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, మళ్లీ ఏప్రిల్‌లో ఒకసారి చేస్తే పోల్చుకోవచ్చు. ఎండలోనూ కొన్ని ఒంటికాలి మీదే కనిపిస్తాయి, అది తప్పు లెక్కేం కాదు. ఒక్క చలే కారణమైతే అట్లా ఉండకూడదు కదా. (ఎండాకాలం కొంగజాతి పెద్ద పక్షుల్లో కొన్ని కాళ్ల మీద రెట్ట వేసుకుని, అది ఆరుతుంటే ఒళ్లు చల్లబరచుకుంటాయి. కాళ్లు తెల్లగా సున్నం పూసినట్టుంటే జబ్బనుకోకండి.)

ఎక్కువ తప్పులు వచ్చేది పక్క నుంచి చూసినప్పుడు: ఒక కాలి వెనక ఇంకొకటి దాగుతుంది. కట్ట మీద పది అడుగులు జరిగి మళ్లీ చూడాలి. నీళ్లు చీలమండ దాటిన చోట ఉన్నవాటిని వదిలేయండి.

కాలు విరిగిందా, ముడుచుకుందా అన్నది తొందరపడి తేల్చొద్దు. బాగున్న గల్ పక్షి కూడా కాలు దించడం ఇష్టంలేక ఒంటికాలితోనే నాలుగు గంతులు వేసి జరుగుతుంది. ముడుచుకున్న కాలు ఈకల్లో పూర్తిగా మాయమవుతుంది. దెబ్బ తిన్న కాలు బయటికి వేలాడుతుంది, వేళ్లు కిందికి జారి ఉంటాయి. పక్షి ఒళ్లు విరుచుకునేదాకా, లేదా ఎగిరి దిగేదాకా ఓపిక పట్టండి. దిగేటప్పుడు రెండు కాళ్లూ ఆనిస్తే క్షేమమే.

సంక్రాంతి తర్వాత మాంజా దారం, ఏడాదంతా తెగిన వల పోగులు కాళ్లకు చుట్టుకున్నవి కనిపిస్తాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అలాంటి పక్షి ఎగరలేక చిక్కితే మందపాటి తువ్వాలు తల మీదుగా కప్పి పట్టుకోవాలి. కొంగ అయితే ముందు ముక్కును అదుపులోకి తీసుకోండి, అది సూటిగా కళ్లనే పొడుస్తుంది. కండలోకి దిగిన దారాన్ని లాగొద్దు, వేలాడే భాగం వరకే కత్తిరించాలి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గాలికి చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, అడుగున గుడ్డ పరిచి, చీకటిగా ఉంచి, అటవీశాఖ వాళ్లకో పశువుల డాక్టరుకో అదే రోజు చేర్చండి.