దుమ్ము జబ్బుకు పరిహారం: క్లెయిమ్ వేసే ముందు ఇవి చూసుకోండి

చీమకుర్తి క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో సిలికోసిస్ (రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) తెచ్చుకున్నవాళ్లకూ, ఆస్‌బెస్టాస్ రేకులు కోసి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకూ ఇవే జాగ్రత్తలు.

క్లెయిమ్ వేయడానికి గడువు రెండేళ్లు. ఎప్పటినుంచి అన్న దగ్గరే చాలామంది మునుగుతున్నారు. జబ్బుతో వరుసగా పనికి పోలేకపోయిన రోజుల్లో మొదటి రోజు నుంచి లెక్క, రిపోర్టు చేతికొచ్చిన రోజు నుంచి కాదు. ఒంగోలు, గుంటూరు ఆస్పత్రుల చుట్టూ తిరిగేలోపే ఏడాది గడిచిపోతుంది. మనిషి పోతే, పోయిన తేదీ నుంచి రెండేళ్లు.

పని మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు కనపడితే, అవి మొదట బయటపడిన రోజే లెక్క. ఆనాటి ఓపీ చీటీ పారేయొద్దు.

డాక్టరు 'టీబీ' అని మాత్రమే రాస్తే వదిలేయకండి. ఏ దుమ్ములో, ఎన్నేళ్లు చేశారో చెప్పి కేసు షీట్‌లో రాయించండి. ఛాతీ ఎక్స్‌రే ఫిల్ము మీ దగ్గరే ఉంచుకోండి.

యజమానికి నోటీసు నోటిమాటగా వద్దు. రాసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచండి.

మేస్త్రీ కింద చేసినా క్వారీ యజమానినీ క్లెయిమ్‌లో చేర్చండి. మేస్త్రీ ఊరొదిలి పోతే వసూలు కష్టం.

ఈఎస్ఐలో ఉంటే అక్కడే అడగాలి.

గడువు దాటిందా? తగిన కారణం ఉంటే పరిహారం కేసులు చూసే అధికారి క్లెయిమ్ తీసుకోవచ్చు. ఆలస్యానికి కారణం విడిగా రాసి, ఆస్పత్రి కాగితాలు జతచేయండి.