టూడీ గేమ్ మనమే చేద్దాం – 6వ భాగం: శత్రువు చేతికి తుపాకీ

పోయిన భాగంలో మన శత్రువుని గట్టు మీద అటూ ఇటూ తిప్పాం, అంచు రాగానే వెనక్కి మళ్లడం నేర్పాం. పాపం వాడు ఇప్పటిదాకా మనం వెళ్లి గుద్దుకుంటే తప్ప ఏమీ చేయలేడు. ఈ వారం వాడి చేతికి తుపాకీ ఇస్తున్నాం. ఇవ్వడం పది నిమిషాల పని. ఇచ్చాక వాణ్ని అదుపులో పెట్టడానికే మిగతా పాఠమంతా, అందుకే ఈ భాగం కాస్త పొడుగు.

మీలో కొందరు గోడాట్‌లో, కొందరు యూనిటీలో (రెండూ గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు, వీటినే ఇంజన్లంటారు), కొందరు నేరుగా బ్రౌజర్ కాన్వాస్‌లో చేస్తున్నారు కాబట్టి కోడ్‌ని తెలుగులోనే రాస్తాను, మీ భాషలోకి మీరే మార్చుకోండి. లెక్కలకి మాత్రం అందరం ఒకే అంకెలు వాడదాం: స్క్రీన్ 480 × 270 పిక్సెళ్లు, ప్లేయర్ వేగం సెకనుకి 90 పిక్సెళ్లు, బుల్లెట్ వేగం 180. ఎక్స్ కుడికి పెరుగుతుంది, వై కిందికి పెరుగుతుంది (బడిలో గీసిన గ్రాఫ్‌కి ఇది తలకిందులు, మర్చిపోతే బుల్లెట్ ఆకాశంలోకి పోతుంది; యూనిటీలో మాత్రం వై గ్రాఫ్‌లోలాగే పైకి పెరుగుతుంది, అక్కడ చేసేవాళ్లు వై గుర్తు తిప్పుకోండి).

ముందు టైమర్

అప్‌డేట్ ఫంక్షన్‌లో (ప్రతి ఫ్రేముకీ ఒకసారి నడిచే కోడ్ అది) ఊరికే "కాల్చు" అని రాసి రన్ చేసి చూడండి, ఒకసారి చూడాల్సిన దృశ్యమే. సెకనుకి 60 ఫ్రేములు, అంటే 60 బుల్లెట్లు, ఒకదాని వెనక ఒకటి అతుక్కుని గొట్టంలోంచి నీళ్లు చిమ్మినట్టు వస్తాయి. కాబట్టి టైమర్ కావాలి:

    టైమర్ = టైమర్ − డెల్టా
    టైమర్ <= 0 అయితే:
        కాల్చు()
        టైమర్ = విరామం

డెల్టా అంటే పోయిన ఫ్రేముకీ ఈ ఫ్రేముకీ మధ్య గడిచిన సమయం, రెండో భాగంలో చెప్పుకున్నాం. ఫ్రేములు లెక్కపెట్టి "90 ఫ్రేములకోసారి కాల్చు" అని రాయకండి, 144 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకి 144 ఫ్రేములు చూపేది) ఉన్నవాడి దగ్గర మీ శత్రువు రెండింతలకు పైగా రెచ్చిపోతాడు.

కొన్ని ట్యుటోరియల్స్‌లో చివరి లైన్ "టైమర్ = టైమర్ + విరామం" అని ఉంటుంది. సెకనుకి పది గుండ్లు కురిపించే తుపాకీకి అది మంచిదే, మిగిలిపోయిన మిల్లీసెకన్లు పోకుండా లెక్కలో ఉంటాయి. కానీ ప్లేయర్ కనిపించనప్పుడు కూడా టైమర్ తగ్గుతూ పోయి మైనస్ 12కి చేరిందనుకోండి, కనిపించగానే శత్రువు పాత బాకీలన్నీ ఒకేసారి వసూలు చేస్తాడు. అలా రాసేవాళ్లు టైమర్ సున్నా కంటే కిందికి దిగకుండా ఆపాలి. మన శత్రువు విరామం 1.5 సెకన్లు కాబట్టి మామూలు పద్ధతే చాలు.

ఇంకో చిన్న సంగతి. ఒకే గదిలో ఐదుగురు శత్రువుల్ని పెడితే ఐదుగురి టైమర్లూ ఒకేసారి మొదలై, డ్రిల్లు మాస్టారు విజిల్ వేసినట్టు ఐదుగురూ ఒకేసారి కాలుస్తారు. పుట్టేటప్పుడే ఒక్కొక్కరి టైమర్‌కి 0.5 నుంచి 1.5 మధ్య ఏదో ఒక ర్యాండమ్ అంకె ఇవ్వండి, ఆ బాధ పోతుంది. కింది హద్దు సున్నా పెట్టకండి, గదిలో అడుగు పెట్టిన క్షణమే గుండు తగిలితే ఎవడికైనా ఒళ్లు మండుతుంది.

ఎటు కాల్చాలి

శత్రువు (400, 60) దగ్గర ఉన్నాడు. ప్లేయర్ (160, 240) దగ్గర. ప్లేయర్ స్థానంలోంచి శత్రువు స్థానాన్ని తీసేయండి: (−240, 180). ఎడమకి 240, కిందికి 180 అన్నమాట. దీని పొడవు ఎంత? 240 వర్గం, 180 వర్గం కూడి వర్గమూలం తీస్తే సరిగ్గా 300. ఇప్పుడు రెండు అంకెల్నీ 300తో భాగిస్తే (−0.8, 0.6). ఇదే దిశ. దీన్ని బుల్లెట్ వేగం 180తో గుణిస్తే (−144, 108), సెకనుకి ఎడమకి 144 పిక్సెళ్లు, కిందికి 108.

    తేడా = ప్లేయర్.స్థానం − తుపాకీ_మొన.స్థానం
    పొడవు = తేడా పొడవు
    పొడవు < 1 అయితే: కాల్చకుండా ఫంక్షన్‌లోంచి బయటికి పో
    బుల్లెట్.వేగం = (తేడా / పొడవు) × 180

ఆ "పొడవు < 1" లైన్ ఎందుకంటే, ఇద్దరూ సరిగ్గా ఒకే చోట ఉంటే సున్నాతో భాగించాల్సి వస్తుంది, అప్పుడు బుల్లెట్ స్థానం అంకె కానిదేదో అయిపోయి అది స్క్రీన్ మీద కనిపించదు, చావదు, ఊరికే లిస్టులో కూర్చుంటుంది.

పొడవుతో భాగించడాన్ని నార్మలైజ్ అంటారు. నా మొదటి గేమ్‌లో నేను ఈ పని చేయలేదు. దగ్గరున్నప్పుడు బుల్లెట్ నత్తలా పాకేది, దూరం వెళ్తే రాకెట్‌లా వచ్చేది, ఎంత దూరం నుంచైనా సరిగ్గా ఒకే సమయంలో తగిలేది. అదేదో నేను కావాలని పెట్టిన గొప్ప డిజైన్ అనుకుని రెండు వారాలు అలాగే ఉంచాను.

దిశని కాల్చే క్షణంలో ఒక్కసారే లెక్కకట్టి బుల్లెట్‌కి ఇచ్చేయండి. పొరపాటున ఆ లెక్కని బుల్లెట్ అప్‌డేట్‌లో రాస్తే ప్రతి ఫ్రేమూ మళ్లీ గురిపెట్టుకుని, ఎటు పోతే అటు వెంటపడే క్షిపణి తయారవుతుంది. అది కూడా కావాలి, కానీ ఇప్పుడు కాదు.

కదిలేవాడికి గురి

పై లెక్కలో బుల్లెట్ 300 పిక్సెళ్లు పోవడానికి 1.67 సెకన్లు పడుతుంది. ఈలోగా ప్లేయర్ కుడికి నడుస్తుంటే 150 పిక్సెళ్లు దాటిపోతాడు. అంటే నేరుగా గురిపెట్టే శత్రువు ఆగకుండా పక్కకి నడిచే ప్లేయర్‌ని ఎప్పటికీ కొట్టలేడు. హోలీ రోజు బైక్ మీద పోయేవాడి మీదికి రంగునీళ్ల బెలూన్ విసిరినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, వాడున్న చోటికి కాదు, వాడు చేరబోయే చోటికి వేయాలి.

చేరబోయే చోటు ఎలా తెలుస్తుంది? మొదటి అంచనా: 1.67 సెకన్ల తర్వాత ప్లేయర్ ఎక్స్ 160 + 150 = 310. కానీ ఆ చోటు శత్రువుకి ఇంకా దగ్గర, దూరం 201 మాత్రమే, అక్కడికి బుల్లెట్ 1.12 సెకన్లలోనే చేరిపోతుంది. మరి 1.12 సెకన్లకి ప్లేయర్ ఎక్కడుంటాడు? 261 దగ్గర. మళ్లీ దూరం, మళ్లీ సమయం, ఇప్పుడు 274 దగ్గర. ఇంకోసారి చేస్తే 270. అసలు జవాబు 271కి కొంచెం తక్కువ. వర్గ సమీకరణం వేసి ఒక్క దెబ్బలో కచ్చితంగా తీయొచ్చు, ఇంటర్ లెక్కలు గుర్తున్నవాళ్లు వేసుకోండి, నాకు మాత్రం ఈ మూడు నాలుగు సార్లు తిప్పే పద్ధతే ఇష్టం, చదివితే అర్థమవుతుంది, గేమ్‌కి ఇంత దగ్గరగా వస్తే చాలు.

    సమయం = దూరం(శత్రువు, ప్లేయర్) / 180
    3 సార్లు:
        చోటు = ప్లేయర్.స్థానం + ప్లేయర్.వేగం × సమయం
        సమయం = దూరం(శత్రువు, చోటు) / 180

బుల్లెట్ కంటే ప్లేయరే వేగంగా పరిగెత్తే గేమ్‌లో ఇది పనిచేయదు, అంకెలు దగ్గరపడే బదులు ఎటో పోతాయి. మనది 180కి 90 కాబట్టి భయం లేదు.

ఇంత కష్టపడి నేర్చుకున్నాక చెబుతున్నా, అందరు శత్రువులకీ దీన్ని పెట్టకండి. నేరుగా కొట్టేవాణ్ని కదిలి తప్పించుకోవాలి, ముందుచూపుతో కొట్టేవాణ్ని ఠక్కున ఆగి తప్పించుకోవాలి. ఒక గదిలో ఆ రకం ఒకడు, ఈ రకం ఒకడు ఉంటే ప్లేయర్‌కి మంచి చిక్కు. నలుగురూ ముందుచూపు వాళ్లే అయితే ప్లేయర్ రెండు నిమిషాల్లో ఆగుతూ నడుస్తూ ఆగుతూ నడుస్తూ విసుగెత్తి మూసేస్తాడు.

"మామయ్యా, వీడు చీటింగ్!"

ఇక్కడిదాకా చేసి, గర్వంగా మా అక్క కొడుక్కి ఇచ్చాను. ఆరో తరగతి. మూడు నిమిషాల్లో నాలుగుసార్లు చచ్చి, "మామయ్యా, వీడు చీటింగ్ చేస్తున్నాడు" అని ఫోన్ నా మీదికి తోశాడు. నేను ఆడితే బానే ఉంది మరి. తర్వాత వాడి పక్కన కూర్చుని చూశాను. రెండుసార్లు స్క్రీన్ బయట ఉన్న శత్రువు కాల్చాడు. ఒకసారి గోడ అవతల నుంచి గుండు వచ్చింది. నాలుగోసారి శత్రువు వాడికి వేలెడు దూరంలో నిలబడి కాల్చాడు, తప్పించుకునే సమయమే లేదు. నాలుగు చావుల్లో ఒక్కటి కూడా వాడి తప్పు కాదు. శత్రువు ఎక్కడున్నాడో, ఎప్పుడు కాలుస్తాడో నాకు ముందే తెలుసు కాబట్టి నాకు బానే అనిపించింది, అంతే.

అప్పటి నుంచి నా రూల్ ఒకటే: చంపే ప్రతి గుండూ ముందు కంటపడాలి. దాని కోసం కాల్చే ముందు మూడు ప్రశ్నలు. శత్రువు స్క్రీన్ లోపల పూర్తిగా, అంచు నుంచి కనీసం 16 పిక్సెళ్లు లోపలికి ఉన్నాడా? తుపాకీ మొన నుంచి ప్లేయర్‌కి గీత గీస్తే (మీ ఇంజన్‌లో రేకాస్ట్ అని వెతకండి) మధ్యలో గోడ తగలట్లేదు కదా? దూరం 60 పిక్సెళ్ల కంటే ఎక్కువేనా? మూడింటికీ అవునంటేనే ముందుకి.

అప్పుడు కూడా వెంటనే కాల్చడు. ముందు గురిపెడతాడు, అది కనపడాలి. 0.4 సెకన్ల పాటు ఒళ్లంతా తెల్లగా మెరుస్తాడు, చిన్న 'టిక్' చప్పుడు వస్తుంది, ఆ తర్వాతే గుండు. కంటికి ఏదైనా కనిపించాక వేలు కదలడానికే మామూలు మనిషికి పావు సెకను దాకా పడుతుంది, కాబట్టి 0.4 అంటే ధారాళంగా ఇచ్చినట్టు కాదు, సరిపడా ఇచ్చినట్టు. నేను 0.2తో కూడా చూశాను, ఉన్నా లేనట్టే.

    ఎదురుచూపు: టైమర్ అయిపోయి, మూడు ప్రశ్నలకీ అవును అయితే → గురి
    గురి: 0.4 సెకన్లు మెరువు, కదలకు → కాల్పు
    కాల్పు: దిశ లెక్కకట్టు, బుల్లెట్ వదులు → విశ్రాంతి
    విశ్రాంతి: టైమర్ = 1.5 → ఎదురుచూపు

దిశ ఎప్పుడు లెక్కకట్టాలి అన్నది రుచిని బట్టి. మెరుపు మొదలైనప్పుడే కట్టేస్తే శత్రువు సాదాసీదా వాడు, ఒక్క అడుగు పక్కకి వేస్తే చాలు. చివర్లో కడితే గట్టివాడు. మొదటి లెవెల్‌కి మొదటిది, మూడో లెవెల్‌కి రెండోది, బొమ్మ రంగు మారిస్తే ఒకే కోడ్‌తో ఇద్దరు శత్రువులు.

విసనకర్ర

ఒకేసారి మూడు గుండ్లు విసనకర్రలా వదలాలంటే దిశని కోణంగా మార్చుకోవాలి. ఆ కోణం తీసిపెట్టే ఏటాన్2 ఫంక్షన్‌కి వై ముందు, ఎక్స్ తర్వాత ఇవ్వాలి, దాదాపు ప్రతి భాషలోనూ అంతే, దాదాపు ప్రతివాడూ ఒకసారి తిరగేసి ఇస్తాడు. ప్రతి గుండుకీ కలపాల్సిన కోణం:

    (క్రమసంఖ్య − (మొత్తం − 1) / 2) × 15 డిగ్రీలు

క్రమసంఖ్య సున్నా నుంచి మొదలు. మూడైతే −15, 0, 15. నాలుగైతే −22.5, −7.5, 7.5, 22.5. ఇక్కడ ఒక అందమైన సంగతి ఉంది. బేసి సంఖ్యలో వదిలితే మధ్య గుండు నేరుగా మీదికే వస్తుంది, కదలాలి. సరి సంఖ్యలో వదిలితే మధ్యలో ఖాళీ, 300 పిక్సెళ్ల దూరంలో అటు 39, ఇటు 39 పిక్సెళ్ల చోటు, కదలకుండా నిలబడ్డవాడికి ఏమీ కాదు, కంగారుపడి పరిగెత్తినవాడికే తగులుతుంది. మూడు, నాలుగు, మూడు, నాలుగు అని మార్చి మార్చి వదిలి చూడండి.

గుండ్లకి లెక్క ఉండాలి

ప్రతి గుండునీ కొత్తగా పుట్టించి చంపే బదులు, మొదట్లోనే 32 పుట్టించి పక్కన పెట్టుకుని వాటినే తిప్పితిప్పి వాడటం మేలు. ఖాళీ లేకపోతే శత్రువు కాల్చడు, అంతే. ఇది బీదతనమేం కాదు. 1978లో తోమోహిరో నిషికాడో చేసిన స్పేస్ ఇన్‌వేడర్స్‌లో అంత పెద్ద గుంపు మీదికొస్తున్నా శత్రువుల గుండ్లు ఒక్కసారికి మూడే, వాటిలో మనకి ఎదురుగా ఉన్న వరుసని చూసుకుని వచ్చేది ఒక్క రకమే.

అయితే తీసుకున్న గుండుని తిరిగి ఇచ్చేయడం మర్చిపోతే ఏమవుతుందో నామ్‌కో వాళ్ల గెలాగా (1981) చూపిస్తుంది. మొదటి లెవెల్‌లో ఎడమ చివర రెండు తేనెటీగల్లాంటి శత్రువుల్ని మాత్రం వదిలేసి, కాల్చకుండా పదిహేను నిమిషాల పాటు తప్పించుకుంటూ తిరిగితే అవి కాల్చడం మానేస్తాయి, ఆ తర్వాత ఆ ఆటలో ఇంకే శత్రువూ కాల్చదు. స్క్రీన్ అంచు దగ్గర వదిలిన గుండ్లు తమ గళ్లని ఖాళీ చేయకుండా అలాగే ఉండిపోవడం, ఒక్కో గడీ నిండిపోయి చివరికి ఖాళీయే లేకపోవడం దీని వెనక కథ. ఆర్కేడ్‌లో ఆడేవాళ్లకి పండగే అనుకోండి. మీ కోడ్‌లో గుండు గోడకి తగిలినా, ప్లేయర్‌కి తగిలినా, నాలుగు అంచుల్లో ఏది దాటినా తిరిగి ఇచ్చేయాలి. "ఎక్స్ > 480" ఒక్కటి రాసి వదిలేసేవాళ్లు ఎక్కువ, మన శత్రువు కాల్చేదేమో ఎడమకి!

ఈ వారం పని: స్క్రీన్ మూలలో ఖాళీగా ఉన్న గుండ్ల సంఖ్య కనిపించేలా పెట్టి, ప్లేయర్‌ని గోడ వెనక దాచి, కాసేపు బయటికొచ్చి, మళ్లీ దాచి, పది నిమిషాలు అలా ఆడండి. చివర్లో అందరూ కాల్చడం ఆపాక ఆ అంకె 32కి తిరిగి రావాలి. 31 దగ్గర ఆగితే ఆ ఒక్క గుండు ఎక్కడ పోయిందో వెతకండి, అది దొరికాకే ఏడో భాగానికి రండి. అందులో గుండు తగిలినప్పుడు ఏం జరగాలో చూద్దాం, ప్లేయర్ బొమ్మ 16 పిక్సెళ్లున్నా తగిలే చోటు 6 పిక్సెళ్లే ఎందుకు పెడతామో కూడా.