మాటల పుట్టుక – 7వ పాఠం: కంట్రోల్

పోయిన పాఠంలో 'చెక్' అనే క్రియ పారశీక 'షా' నుంచి, అంటే చదరంగంలో రాజు నుంచి వచ్చిందని చూశాం. ఈ వారం అర్థంలో దాని దగ్గర చుట్టం 'కంట్రోల్'.

గుంటూరు మిర్చి యార్డుకి సరుకు తోలినప్పుడల్లా మా నాన్న జేబులో చిన్న నోటుపుస్తకం ఉండేది. టిక్కీ, అంటే మిర్చి బస్తా, కాటా మీద పడగానే గుమాస్తా తన పుస్తకంలో బరువు వేసుకునేవాడు, నాన్న తన దాంట్లో వేసుకునేవారు. డబ్బు ముట్టేముందు రెండూ పక్కపక్కన పెట్టి వరసవరసా వేలు పెట్టి చూసేవారు. ఒకసారి 43 ఉండాల్సిన చోట 34 పడింది. ఆ తొమ్మిది కిలోలూ దొరికింది ఆ చిన్న పుస్తకం వల్లే.

కంట్రోల్ పుట్టింది అచ్చంగా ఈ పనిలోంచే. మధ్యయుగాల లాటిన్‌లో 'కాంట్రా' అంటే ఎదురు, 'రోటులస్' అంటే చుట్ట. లెక్కలు చుట్టల మీద రాసే కాలంలో, అసలు చుట్టను సరిచూడ్డానికి ఉంచుకునే రెండో చుట్ట 'కాంట్రారోటులస్'. అది ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దానికి ఇంగ్లీషు క్రియ అయింది. మొదట్లో అర్థం లెక్క సరిచూడటమే. లెక్క అడిగేవాడి చేతిలోనే కదా పెత్తనం ఉండేది! అలా 'అదుపు చేయడం' వచ్చి చేరింది. ఫ్రాన్సు రైళ్లలో టిక్కెట్లు చూసే ఉద్యోగిని నేటికీ ఈ మాటతోనే పిలుస్తారు. మన రాజ్యాంగం 148వ అధికరణంలోని, ప్రభుత్వ లెక్కలు సరిచూసే 'కంప్ట్రోలర్' కూడా ఇదే మాట. ఫ్రెంచిలో 'లెక్క' అనే మాట నుంచి వచ్చిందని పొరబడి స్పెల్లింగులో ఎం, పి దూర్చారు. పలకడం మాత్రం 'కంట్రోలర్' అనే.

తెలుగులోకి ఇది 'కంట్రోలు బియ్యం'గా వచ్చి ఇంటింటా స్థిరపడింది. చిక్కల్లా ఇక్కడుంది: మనం 'కంట్రోల్ చేసుకో' అంటే ఆపుకో, తగ్గించుకో అని. ఇంగ్లీషులో దాని పరిధి పెద్దది. విజయవాడ ప్రకాశం బ్యారేజీ 70 గేట్లను తలుచుకోండి. వరదొస్తే ఎత్తుతారు, తగ్గితే దించుతారు. నీటిని ఆపేయడమే కాదు, ఎంత వదలాలో అంత వదలడం కూడా కంట్రోలే.

ఇక వాడుక. ఈ క్రియకు కర్మ తప్పనిసరి. నవ్వు ఆగకపోతే మనవాళ్లు 'ఐ కుడ్ నాట్ కంట్రోల్' అని వదిలేస్తారు. దేన్ని? 'ఐ కుడ్ నాట్ కంట్రోల్ మైసెల్ఫ్' అనాలి. 'ఐ కుడ్ నాట్ స్టాప్ లాఫింగ్' ఇంకా సహజం. క్రియ తర్వాత 'ఆన్', 'ఓవర్' రావు: 'షీ కంట్రోల్స్ ద క్లాస్ వెల్'. నామవాచకమైతే 'ఓవర్' వస్తుంది: 'షీ హ్యాజ్ గుడ్ కంట్రోల్ ఓవర్ ద క్లాస్'. నొక్కి పలికేది 'ట్రోల్' కాబట్టి 'కంట్రోల్డ్', 'కంట్రోలింగ్' రాసేటప్పుడు ఎల్ రెండుసార్లు రాయాలి, బ్రిటిష్ పద్ధతిలోనైనా, అమెరికన్‌లోనైనా.

ఈ మూడింటినీ ఇంగ్లీషులో రాయండి: కోపం ఆపుకోలేకపోయాడు. కాలువ నీటిని ఈ గేటు అదుపు చేస్తుంది. ధరల మీద రైతుకు అదుపు లేదు. జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఇస్తాను, మీ పుస్తకం పక్కన పెట్టి సరిచూసుకోండి.