చరణం చివర్లో దమ్ము చాలకపోతే: నాకు పనిచేసిన పద్ధతి

కీర్తన పాడేటప్పుడు చరణం చివరికొచ్చేసరికి నాకు దమ్ము చాలేది కాదు, ఆఖరి అక్షరాలు తేలిపోయేవి. ఆవిరి పట్టడం, మిరియాల పాలు, పొద్దున్నే పరుగు, ఏవీ లాభం లేకపోయాయి.

ఊపిరితిత్తులు వాటంతటవి ఉబ్బవు. వాటి కింద గొడుగులా ఉండే ఉదరవితానం అనే కండరం బిగుసుకుని కిందికి దిగితే ఛాతీలో చోటు పెరుగుతుంది, లోపలి పీడనం తగ్గుతుంది, గాలి దానంతటదే వస్తుంది. అది దిగాలంటే పొట్ట ముందుకు రావాలి.

అందుకని వెల్లకిలా పడుకుని ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డు పైన పెట్టుకున్నాను. ముందు వదలగలిగినంత గాలి నోటితో మెల్లగా వదిలేశాను (అసలు కీలకం ఇదేనని నా నమ్మకం). తర్వాత ముక్కుతో పీల్చాను. పొట్ట మీది చెయ్యి లేవాలి, పైది దాదాపు కదలకూడదు. ఆపైన 'స్స్' అంటూ సన్నగా, ఒకే తీరుగా వదలడం. ఇక్కడ పక్కటెముకలు ఒక్కసారిగా కుంగకుండా నిలబెట్టుకోవడమే కష్టం. పడుకుని కుదిరాక కూర్చుని, చివరికి శ్రుతి పెట్టుకుని షడ్జం ('స' స్వరం) పట్టాను. ఇప్పుడు చరణం నిండుగా పూర్తవుతోంది.

అందరికీ ఇలాగే కుదురుతుందని చెప్పలేను. నాకు ఆస్తమా లేదు. మామూలుగా నడిచినా ఆయాసం వస్తుంటే ముందు డాక్టర్‌కి చూపించుకోండి.