వడ్ల లెక్కల మాక్రో 1004 దగ్గర ఆగితే ఏం చేయాలి

కొనుగోలు కేంద్రం ఎక్సెల్ ఫైల్లో మామూలుగా రెండు షీట్లు ఉంటాయి. ఒకదాంట్లో ఆ రోజు తూకమైన వడ్ల సంచులు, క్వింటాళ్లు ఉంటాయి. రెండోదాంట్లో రైతుల జాబితా: ఆధార్, పేరు, బ్యాంకు ఖాతా. ఆధార్ నంబరు పట్టుకొని ఖాతాను వెతికి తెచ్చే మాక్రో (ఎక్సెల్‌లో రాసుకునే చిన్న ప్రోగ్రాం) కొన్ని వరుసలు చక్కగా నడిచి, ఒకచోట ‘రన్-టైమ్ ఎర్రర్ 1004’ అని ఆగిపోతుంది. పెట్టెలో ‘అన్‌ఏబుల్ టు గెట్ ది వీలుకప్ ప్రాపర్టీ’ అని ఉంటే ఎక్సెల్ చెడిపోయిందని భయపడొద్దు. వీలుకప్ అంటే జాబితాలో వెతికి తెచ్చే ఎక్సెల్ ఫంక్షన్. ఎక్కువసార్లు ఆ మాటల అర్థం ఒక్కటే: ఆ నంబరు జాబితాలో దొరకలేదు.

ఆగడానికి కారణం కోడ్‌లోని ‘వర్క్‌షీట్‌ఫంక్షన్’ అనే మాట. అది మధ్యలో ఉంటే, నంబరు దొరకనప్పుడు మాక్రో మొత్తం ఆగుతుంది. ఆ మాట తీసేసి ‘అప్లికేషన్.వీలుకప్’ అని నేరుగా పిలిస్తే మాక్రో ఆగదు, ఒక ఎర్రర్ విలువను చేతికిస్తుంది. దాన్ని పరీక్షించి ముందుకు పోవచ్చు. కింది పంక్తులు పలికే తీరులో ఉన్నాయి. ఆల్ట్, ఎఫ్11 నొక్కితే తెరుచుకునే ఎడిటర్‌లో వీటిని ఇంగ్లిష్ స్పెల్లింగుతోనే కొట్టాలి. సీస్ట్రింగ్‌ను సీ, ఎస్, టీ, ఆర్ అని నాలుగు అక్షరాలతోనే కొట్టాలి, అది విలువను టెక్స్ట్‌గా మారుస్తుంది. ‘కీ’ అంటే వెతికే ఆధార్, ‘జాబితా’ రైతుల షీట్లోని పరిధి, ‘తూకం’ తూకాల షీట్, ‘వరుస’ ఆ షీట్లో వరుస నంబరు.

డిమ్ ఫలితం యాజ్ వేరియంట్
ఫలితం = అప్లికేషన్.వీలుకప్(కీ, జాబితా, 3, ఫాల్స్)
ఇఫ్ ఈజ్‌ఎర్రర్(ఫలితం) దెన్
తూకం.సెల్స్(వరుస, 6).వాల్యూ = సీస్ట్రింగ్(ఫలితం)
ఎల్స్
తూకం.సెల్స్(వరుస, 5).వాల్యూ = ఫలితం
ఎండ్ ఇఫ్

‘ఫలితం’ వేరియంట్‌గానే, అంటే ఏ రకం విలువైనా పట్టేదిగానే ఉండాలి. స్ట్రింగ్ అనో డబుల్ అనో ప్రకటిస్తే ఎర్రర్ విలువ అందులో పట్టదు, 1004 పోయి ఎర్రర్ 13, అంటే ‘టైప్ మిస్‌మ్యాచ్’ వస్తుంది. ఆరో కాలమ్‌లో ‘ఎర్రర్ 2042’ అని పడితే నంబరు దొరకలేదని. 2023 పడితే మూడు కాలమ్‌ల పరిధి ఇచ్చి నాలుగో కాలమ్ అడిగారని. ఈ రెండింటినీ ఒకే మాటతో ‘లేదు’ అని రాయొద్దు, సరిచేసే పద్ధతి వేరు. చివరి ఫాల్స్ మరిచిపోతే ఇంకా ప్రమాదం: ఏ ఎర్రరూ రాకుండానే దగ్గరి నంబరున్న వేరే రైతు ఖాతా రావచ్చు.

జాబితాలో కంటికి కనిపిస్తున్న నంబరే ‘దొరకలేదు’ అంటే తేడా లోపల ఉంది. ఆ గడి మీద నిలబడి, ఎడిటర్‌లో కంట్రోల్, జీ నొక్కి, ప్రశ్న గుర్తు పెట్టి టైప్‌నేమ్(యాక్టివ్‌సెల్.వాల్యూ) అడగండి. ఒక షీట్లో స్ట్రింగ్ (టెక్స్ట్), ఇంకోదాంట్లో డబుల్ (సంఖ్య) అని వస్తే అవి ఎన్నటికీ కలవవు. రెండు షీట్లలోనూ ఆధార్‌ను టెక్స్ట్‌గా ఉంచడమే మేలు. గడి ఫార్మాట్ మార్చినంత మాత్రాన పాత విలువలు మారవు. ఫార్మాట్ మార్చాక మాక్రోతో ప్రతి గడినీ సీస్ట్రింగ్ చేసి తిరిగి రాయాలి. సీలాంగ్ (సీ, ఎల్, ఎన్, జీ) వాడితే 12 అంకెల ఆధార్ పట్టదు, లాంగ్ హద్దు 2147483647 కాబట్టి ఎర్రర్ 6, ‘ఓవర్‌ఫ్లో’ వస్తుంది.

ఆధార్‌ను నాలుగు నాలుగు అంకెలుగా ఖాళీలు పెట్టి కొడతారు. రీప్లేస్‌తో ఆ ఖాళీలు తీసేయండి. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన జాబితాలో ఇంకో రకం ఖాళీ, 160వ అక్షరం ఉంటుంది. మామూలు ఖాళీలు తీసే ట్రిమ్ దాన్ని ముట్టదు, క్యారక్టర్‌డబ్ల్యూ(160) (సీ, హెచ్, ఆర్, డబ్ల్యూ అని కొట్టాలి) కోసం ఇంకో రీప్లేస్ కావాలి.

సర్వే నంబరుతో వెతికేవాళ్లకు వేరే గండం ఉంది. 12/3 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది. 345/1 మాత్రం, 125/అ మాత్రం టెక్స్ట్‌గా మిగులుతాయి. అంటే ఒకే కాలమ్‌లో సగం తేదీలు, సగం అక్షరాలు. కొట్టకముందే కాలమ్‌ను టెక్స్ట్ చేయాలి. తేదీగా మారినవాటిని పహాణీ చూసి మళ్లీ కొట్టడం తప్ప నమ్మదగిన దారి లేదు.

ఖాతా నంబరు రాసే కాలమ్‌కూ అదే జాగ్రత్త. నంబర్‌ఫార్మాట్ ముందే ‘@’ పెట్టకపోతే మొదటి సున్నాలు పోతాయి. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా ఉంచుకుంటుంది, 16వ అంకె నుంచి సున్నా అవుతుంది.

ఇక ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’. వర్క్‌షీట్‌ఫంక్షన్‌ను అలాగే ఉంచి, లూపుకు (వరుస తర్వాత వరుసగా తిరిగే భాగానికి) ముందు ‘ఎర్రర్ వచ్చినా తర్వాతి పంక్తికి పో’ అనే ఈ ఒక్క పంక్తి పెడితే 1004 కనిపించదు, పని అయిపోయినట్టే ఉంటుంది. దయచేసి అలా చేయొద్దు. దొరకని వరుసలో వెతుకులాట విఫలమవుతుంది, కానీ ‘ఫలితం’లో పై వరుస విలువ అలాగే మిగిలి ఉంటుంది. పై రైతు ఖాతా కింది రైతు పేరు ఎదుట పడుతుంది. ఆరు నెలలు కష్టపడి పండించిన పంట పైసలు వేరే ఇంటికి పోతాయి, షీట్లో ఎక్కడా ఎర్రర్ గుర్తు ఉండదు. తప్పనిసరై ఎక్కడైనా వాడితే ఆ ఒక్క పంక్తికే వాడి, వెంటనే ‘ఆన్ ఎర్రర్ గోటూ 0’ రాయండి. లూపులో ప్రతి వరుసకు ముందు ఫలితం = ఎంప్టీ అని పెట్టండి.

ఎర్రర్ 9 వస్తే షీట్ పేరు చూడండి. ‘యాసంగి’ తర్వాత ఒక ఖాళీ ఉన్నా అది వేరే పేరే. ఎర్రర్ 91 రేంజ్.ఫైండ్ వాడేచోట వస్తుంది: ఏదీ దొరకలేదు, అయినా దాని వరుస అడిగారు. ‘ఇఫ్ నాట్ గడి ఈజ్ నథింగ్’ అని ముందు చూడాలి. ఫైండ్‌లో లుక్‌యాట్‌ను ఎక్సెల్‌హోల్ (ఎక్స్, ఎల్ పక్కనే హోల్, అంటే గడి మొత్తం సరిపోవాలని) అని ప్రతిసారీ రాయాలి, లేకుంటే కిందటిసారి కంట్రోల్, ఎఫ్‌తో వెతికినప్పటి సెట్టింగే పనిచేసి 12కు బదులు 112ను పట్టుకొస్తుంది.

జాబితాలో రైతు ఉండి ఖాతా గడి ఖాళీగా ఉంటే ఈజ్‌ఎర్రర్ పట్టుకోదు. అక్షరాలు లెక్కపెట్టే లెన్(ఫలితం) సున్నా అయితే ఆరో కాలమ్‌లో ‘ఖాతా లేదు’ అని రాయించండి. ఒకే ఆధార్ రెండుసార్లు ఉంటే వీలుకప్ మొదటిదే తెస్తుంది, అందుకే ముందు కౌంట్‌ఇఫ్స్‌తో రెండుసార్లు వచ్చినవి ఏరేయండి. మాక్రో ముగిశాక ఖాతా దొరికిన వరుసల క్వింటాళ్లు, ఆరో కాలమ్‌లో గుర్తు పడ్డ వరుసల క్వింటాళ్లు విడివిడిగా కూడి, రెండూ కలిపితే ఆ రోజు తూకం మొత్తానికి సరిపోయాకే జాబితా పైకి పంపండి.