మంచు సరస్సుపై చేపల గుడారాన్ని సులువుగా లాగడం ఎలా?

అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో గడ్డకట్టిన సరస్సులపై చేపలు పట్టేవారు వాడే మడత గుడారాల్లో ఒక రకం ప్లాస్టిక్ స్లెడ్‌పైనే (మంచుపై జారే, చక్రాల్లేని బండి) అమర్చి ఉంటుంది కాబట్టి, దాన్ని లాగడం కష్టమైతే ముందుగా ఆ స్లెడ్ అడుగునే చూడాలి. గరుకు మంచుకు రాసుకుని అది అరిగిపోకుండా, పొడవునా గట్టి పాలిథిలిన్ ప్లాస్టిక్ పట్టీలను బోల్టులతో బిగించాలి. బోల్టు తలలు పట్టీలోకి పూర్తిగా దిగకపోతే, ప్రతి తలా మంచును గీరుతూ స్లెడ్‌ను వెనక్కి పట్టేస్తుంది. లోపలివైపు వెడల్పైన వాషర్లు వేస్తే రంధ్రాల దగ్గర చీలిక రాదు. ఈ పనిలో తొందర అస్సలు పనికిరాదు.

లోతైన మెత్తటి మంచులో పట్టీలు చాలవు. పాత స్కీలపై (మంచుపై జారేందుకు కాళ్లకు తగిలించుకునే పొడవాటి పలకలు) చెక్క చట్రం బిగించి, గుడారాన్ని దానిపైకి ఎక్కించడమే మేలు. నడిచి లాగేవారు తాడును చేతికి కాక నడుము పట్టీకి కట్టుకోవాలి. మంచుపై నడిచే మోటారు బండి అయిన స్నోమొబైల్‌కు మాత్రం తాడు వద్దు: బండి ఆగగానే స్లెడ్ వెనకనుంచి వచ్చి గుద్దుతుంది కనుక, వంగని ఇనుప కడ్డీతోనే తగిలించాలి.